వెనక్కి తిరిగిన సీటు

నా పిల్లలిద్దరు, టోర్కెల్ పిల్లలు ముగ్గురు, మేమిద్దరం.
ఎన్నిసార్లు వేళ్ళు మడిచినా ఏడు.
కారుకి మాత్రం ఐదు దాటి లెక్క రాదు.

అందుకే పెళ్ళయిన ఏడాదిగా
ఎక్కడికెళ్ళినా రెండు కార్లు.
ముందు ఆయన, వెనక నేను.
చౌరస్తాలో వాళ్ళు దాటిపోతారు,
మా ముందు ఎర్ర లైటు పడుతుంది.
కావాలని ఎవరూ చేసింది కాదు.
అయినా అవతల పక్కన ఆగి ఉన్న ఆ కారులో
నలుగురూ నవ్వుతుంటే
అద్దం తుడుచుకుంటూ చూసేదాన్ని.

మార్చి వచ్చినా ఊమియోలో నది కరగలేదు.
మా శనివారాలన్నీ
పాత కార్ల చుట్టూ ప్రదక్షిణలకే సరిపోయాయి.

మొదటిది టాక్సీగా తిరిగి తిరిగి సొమ్మసిల్లింది.
నాలుగు లక్షల కిలోమీటర్లట.
సీట్ల సందుల్లో
ముక్కూమొహం తెలియని వాళ్ళ సిగరెట్ల వాసన.

రెండోదానికి మూడో వరుస ఉంది.
ఉందంటే ఉంది.
మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని
మా ఎస్కిల్ అడిగాడు:
"నేనేమైనా గొడుగునా, మడతపెట్టడానికి?"

మూడోది బాగుంది. మరీ బాగుంది.
ధర విన్నాక టోర్కెల్ దాని తలుపు
లోపల పసిపాప నిద్రపోతున్నట్టు
చప్పుడు కాకుండా మూశాడు.

నాలుగోదాని కోసం ఏడుగురం రైలెక్కి
విన్‌డెల్న్‌లో దిగాం.
నచ్చితే అందులోనే తిరిగొస్తాం,
లేకపోతే నాలుగింటికి రైలుంది.

సిక్స్‌టెన్ అనే ముసలాయన,
గొట్టాలు బాగుచేసే పని మానేసి పదేళ్ళట.
ఇంజను సంగతి అడిగితే భుజాలెగరేశాడు.
సీట్ల సంగతి అడక్కముందే డిక్కీ ఎత్తాడు.
పట్టీ ఒకటి లాగితే
నేలలోంచి రెండు సీట్లు లేచి కూర్చున్నాయి,
మాకు వీపు చూపిస్తూ,
వెనక అద్దం వైపు మొహం పెట్టి.
"మా చిన్నవాళ్ళిద్దరి రాజ్యం ఇది.
దారి పొడుగునా లారీ డ్రైవర్లని వెక్కిరిస్తూ వచ్చేవాళ్ళు."

తూవా గురించి చెప్పలేదు కదూ.
టోర్కెల్ పెద్దకూతురు, పదకొండేళ్ళు.
నన్ను పేరుతో పిలవదు, ఇంకే పిలుపూ పెట్టలేదు.
నాకు చెప్పాల్సింది వాళ్ళ నాన్నకి చెబుతుంది,
నేను ఎదురుగా నిలబడి ఉండగానే.
వాళ్ళ కారులో నాన్న పక్క సీటు తనది.
కారు ఒకటైతే
ఆ సీటు ఎవరిదవుతుందో
నాకంటే ముందు తనకే తెలుసు.

కారు చుట్టూ ఒకసారి తిరిగింది.
తుప్పు పట్టిన చోట గోటితో గీకింది.
ఎవరితోనూ మాట్లాడకుండా డిక్కీలోకి ఎక్కి
ఆ వెనక్కి తిరిగిన సీట్లో కూర్చుంది.
అలకో, వదులుకోవడమో, ఇంకేమిటో.
వెనకే మా మాల్వా ఎక్కింది,
ఆరేళ్ళది, పక్కన చోటుంటే చాలు దానికి.

తూవా జుట్టు పైకప్పుకి తగులుతోంది.
"ఈ వేసవికి పడుతుంది, పై వేసవికి పట్టదు"
అన్నాడు సిక్స్‌టెన్, ఉన్నమాట.
టోర్కెల్ తుప్పు చూపించి బేరం మొదలుపెట్టాడు.

"బెల్టు ఇరుక్కుంది."
డిక్కీ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను.
అయినా వెనక్కి చూశాను, వాళ్ళ నాన్నతోనేమో అని.
"నిన్నే. నువ్వు తియ్యి."

చేతితొడుగు విప్పి సందులో వేళ్ళు పెట్టాను.
ఇనుము చల్లదనం ఎముకల్లోకి పాకింది.
బెల్టుతో పాటు ఒక చిన్న ఎర్ర ఉన్ని చేతితొడుగు
బయటికొచ్చింది, ఒంటరిది, ఏ కాలం నాటిదో.
సిక్స్‌టెన్ దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.
మాకు రెండు వేల క్రోనర్లు తగ్గించాడు,
దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటాను.

తిరుగుదారిలో నేనే నడిపాను.
హీటరు కాళ్ళకి మాత్రమే పనిచేస్తోంది.
మధ్య సీట్లో కవలలు దేనికో కొట్టుకుంటున్నారు.
పై అద్దంలో, అందరి తలలకీ అవతల,
రెండు ఉన్ని టోపీల వెనకభాగాలు.

మేము దాటేసిన చెట్లు
వాళ్ళకి అప్పుడే కనిపిస్తున్నాయి.

వంతెన దగ్గర కట్టెల లారీ ఒకటి మా వెనక చేరింది.
వాళ్ళిద్దరూ ఏం చేశారో నాకు కనిపించలేదు.
లారీ రెండుసార్లు
లైట్లు వెలిగించి ఆర్పింది.